అర్జున ఫల్గుణ విభాగం

కిందటేడు మా జిల్లాలో పిడుగు ప్రమాదం పూర్తిగా పోయింది. పిడుగులు పోలేదు. అవి ఎప్పటిలాగే తాటిచెట్ల మీదా, సెల్ టవర్ల మీదా, కట్టి వదిలేసిన మంచినీళ్ళ ట్యాంకుల మీదా పడుతూనే ఉన్నాయి. పోయింది ప్రమాదం మాత్రమే. ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగేవాళ్ళు ఎన్నడూ ప్రభుత్వోద్యోగం చేసి ఉండరు.

నా పేరు సన్యాసినాయుడు. నందివలసలోని జిల్లా పిడుగు ప్రమాద నియంత్రణ కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుని. చాలాకాలం మా కేంద్రానికి ఒకటే పని ఉండేది. ఎండలు ముదిరి సాయంత్రాలు మబ్బు పట్టడం మొదలుకాగానే ‘పిడుగులు పడు అవకాశం కలదు, ప్రజలు అప్రమత్తముగా ఉండవలెను’ అని జిల్లాలో ఉన్న ఫోన్లన్నిటికీ సందేశం పంపేవాళ్ళం. వానాకాలం వెళ్ళేదాకా రోజూ అదే సందేశం. జనం దాన్ని చూసీచూడనట్టు తుడిచేసేవారు. మేమూ చూసీచూడనట్టే పంపేవాళ్ళం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుండగా డాక్టర్ విరూపాక్షం గారు డైరెక్టరుగా వచ్చారు.

ఆయన డాక్టరేటు దేనిలోనో మేమెవరమూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. మనిషి మాత్రం మంచివాడు, కష్టపడేవాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, అందరూ వెళ్ళాక గాని కదిలేవారు కాదు. ఇలాంటివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా. బద్ధకస్తుడైన అధికారి వల్ల దేశానికి ఇంత నష్టం ఎప్పుడూ జరగదు.

ఆయనొచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం సిబ్బంది సమావేశం జరుగుతోంది. ఉన్నట్టుండి కిటికీ అవతల ఫెళ్ళున ఉరిమింది. నేను అలవాటు కొద్దీ, “అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ” అని గొణుక్కున్నాను. ఉరిమితే అర్జునుడి పది పేర్లూ చదువుకోవాలని మా అమ్మ నేర్పింది. ఆవిడకు వాళ్ళమ్మ నేర్పింది. పక్క కుర్చీలో కూర్చున్న గుమాస్తా కూడా అదే గొణిగాడు గాని, వాడు పెదవులు కదలకుండా గొణగడంలో ఆరితేరినవాడు. పట్టుబడ్డది నేను.

డైరెక్టరు గారు మాట్లాడ్డం ఆపి, అదేమిటని అడిగారు. చెప్పాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. మూడుసార్లు వరసగా చదవమని, చేతిగడియారం వంక చూస్తూ కూర్చున్నారు. నా చదువు నిదానం. బళ్ళో ఉన్నప్పుడు కూడా నేను పద్యం అప్పజెప్పడం మొదలెడితే మాస్టారు వెళ్ళి కాఫీ తాగొచ్చేవారు. మూడుసార్లూ అయ్యేసరికి డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది.

అప్పుడాయన మాకు విషయం విప్పి చెప్పారు. మెరుపు, ఉరుము ఒక్కసారే పుడతాయి. మెరుపు మన కంటికి వెంటనే వచ్చేస్తుంది. ఉరుము మాత్రం నడిచొస్తుంది, కిలోమీటరుకి మూడు సెకన్ల చొప్పున. మెరిసిన అరనిమిషం లోపు ఉరుము వినబడిందంటే, ఆ మబ్బు తన తరువాతి పిడుగుని మన నెత్తిన వెయ్యగలిగినంత దగ్గర్లో ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. చెట్టు కిందికి పోకూడదు, పాకలోకి పోకూడదు, ఇనప రేకుల షెడ్డు కిందా నిలబడకూడదు. ఆఖరి ఉరుము వినబడ్డాక కూడా అరగంట దాకా బయటికి రాకూడదు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. అయితే పొలంలో ఉన్నవాడు చేతిలో నాగలో, గేదె పలుపో పట్టుకుంటాడు గాని గడియారం పట్టుకోడు. కాని ఈ పది పేర్లూ అందరికీ నోటికొచ్చు. నిదానంగా మూడుసార్లు చదివితే సరిగ్గా అరనిమిషం. ఉరిమాక చదవడం కాదు, మెరవగానే మొదలెట్టాలి. పూర్తయ్యేలోగా ఉరిమితే ఇంట్లోకి నడవాలి.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఇది చాలా మంచి ఆలోచన. ప్రభుత్వ కార్యాలయాల్లో మంచి ఆలోచనలు పుట్టవని జనం అంటారు గాని, అది అబద్ధం. పుడతాయి. వాటిని పెంచే పద్ధతే మాకు తెలియదు.

వారం తిరక్కుండా నేను జిల్లా ప్రామాణిక పఠనకర్తనయ్యాను. అర్జునుడి పేర్లకి కాగితాల్లో ‘శబ్దకాల మాపన వాక్యం’ అని పేరు పెట్టారు. మేడ మీది గదిలో పెద్ద కిటికీ ముందు నాకో కుర్చీ వేసి, మైకు పెట్టి, దాన్ని ఊరూరా ఉన్న లౌడ్‌స్పీకర్లకి కలిపారు. మెరిసిందంటే నేను మొదలెట్టాలి. నా పఠనం ముగిసేలోగా ఉరిమిందంటే పక్కనున్న మీట నొక్కాలి. జిల్లా అంతటా సైరను మోగుతుంది. జనం పక్కా ఇళ్ళలోకి వెళ్ళిపోతారు.

ఆ వేసవంతా నేను చదివాను, జనం లోపలికి వెళ్ళారు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా కాలేదు. నా గొంతుకి అభిమానులు కూడా ఏర్పడ్డారు. కూరల బజార్లో నేను నోరు విప్పగానే గుర్తుపట్టి కొత్తిమీర ఊరికే పడేసేవారు. మా ఆవిడ పైడితల్లి, బాలికల హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో ఉప్పందుకోవడానికి కూడా ఇంతసేపు పట్టే మనిషికి తగ్గ ఉద్యోగం ఇన్నాళ్ళకి దొరికిందని ఆవిడ స్టాఫ్‌రూములో అన్నదట. నాకు ఆనందంగానే ఉంది.

అంతలో రాజధాని నుంచి సమీక్ష వచ్చింది.

సమీక్ష అంటే తెర మీద ఓ పెద్ద మొహం, తెర ముందు చాలా చిన్న మొహాలు. ఆ పెద్ద మొహం రాష్ట్రస్థాయి ప్రధాన సమీక్షకులది. ఆయన జిల్లాల వారీగా పిడుగు ప్రమాదం ఎన్నిసార్లు నమోదయిందో చూశారు. పక్క జిల్లాలో సున్నా. ఆ పక్క జిల్లాలోనూ సున్నా. మా జిల్లాలో మాత్రం, రాష్ట్రమంతా కలిపినా లేనన్ని. పక్క జిల్లాల్లో చదివేవాడు గాని, సైరను గాని లేవు కాబట్టి నమోదు చేసే పనే లేదు. వాళ్ళకి తెలిసిన లెక్కల్లా చచ్చినవాళ్ళ లెక్కే, అది వేరే శాఖ చూసుకుంటుంది.

“మీ జిల్లాలో ఇంత ప్రమాదం ఎందుకు ఉత్పత్తి అవుతోంది?” అని పెద్ద మొహం అడిగింది. డైరెక్టరు గారు లేచి వివరించబోయారు. వివరణలు వద్దని, ఫలితాలు కావాలని, వచ్చే సమీక్షకల్లా ఈ అంకె గణనీయంగా దిగిరావాలని చెప్పి మొహం మాయమైపోయింది.

రెండు రోజులు డైరెక్టరు గారు ఆ అంకెలు ముందేసుకుని గదిలోనే ఉన్నారు. మూడోరోజు నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆయన కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి.

“శాస్త్రీయంగా ఆలోచించాను నాయుడు గారూ. ప్రమాదానికి కారకాలు మూడు. ఒకటి మెరుపు, రెండు ఉరుము, మూడు పఠనం. మొదటి రెండూ ప్రకృతి అధీనంలో ఉన్నాయి. మూడోది మీ అధీనంలో ఉంది.”

అర్థం కాలేదన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. పఠనం ముగిసేలోగా ఉరిమితేనే ప్రమాదం. ముగిశాక ఉరిమితే ప్రమాదం లేదు. కాబట్టి పఠనం ఎంత త్వరగా ముగిస్తే జిల్లా అంత సురక్షితం అవుతుంది. నేను కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా బీటలేదు. అందుకే నాకు భయమేసింది.

మూడుసార్లు చదివేది ఒకసారికి తగ్గించారు. ఆ వారంలోనే ప్రమాదం బాగా పడిపోయింది. పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. దాంతో ఉత్సాహం పెరిగి పేర్లలో కోత మొదలెట్టారు. బీభత్స అన్న పేరు ప్రజల్లో ఆందోళన కలిగించేలా ఉందని ముందు దాన్ని తీసేశారు. శ్వేతవాహన, సవ్యసాచి మరీ పొడుగున్నాయని వాటినీ తీసేశారు. అయితే పేర్లు తగ్గిస్తే ఊరుకోమని ఊళ్ళోవాళ్ళు గొడవ చేయడంతో, పదీ మళ్ళీ చేర్చి, వేగం పెంచాలని నిర్ణయించారు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నాలిక మనం చెప్పినట్టు వినే వయసు కాదు నాది. ఎంత తొందరపడ్డా కిరీటి దగ్గరకొచ్చేసరికి ఊపిరి తీసుకుంటాను. ఆ ఊపిరి తీసుకునే సందులో ఉరిమేది, నేను మీట నొక్కేవాణ్ణి. డైరెక్టరు గారు తల పట్టుకుని, నా నిదానం వల్ల జిల్లా మొత్తం ప్రమాదంలో పడుతోందని అన్నారు. ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగా అలాగే నమ్మారు.

కొత్త పఠనకర్త కోసం జిల్లాస్థాయి పోటీ పెట్టారు. ఒక ముహూర్తానికి నాలుగు పెళ్ళిళ్ళు చేయించే పంతులు గారు వచ్చారు. చేపల వేలం పాడే ఆయన వచ్చారు. చివర్లో, ఎవరో తోసుకొస్తే, బస్‌ కాంప్లెక్సులో ప్రైవేటు బస్సులకి జనాన్ని పిలిచే కూర్మారావు వచ్చాడు. సాలూరు, బొబ్బిలి, రాజాం, పాలకొండ అన్నీ కలిపి ఒకే ఊరి పేరులా పిలవగలడు. పది పేర్లూ ఇచ్చి చదవమంటే, డైరెక్టరు గారు స్టాప్‌వాచీ మీట నొక్కి, తిరిగి దాన్ని ఆపడానికి వేలు ఎత్తేలోగా చదివేశాడు. అలవాటు కొద్దీ చివర ‘రైట్ రైట్’ అన్నాడు. పోటీలో ఉన్నవాళ్ళు అది తప్పని అభ్యంతరం చెప్పారు. డైరెక్టరు గారు ఆలోచించి, అది ప్రజలకి భరోసా ఇచ్చేలా ఉంది కాబట్టి వాక్యంలో శాశ్వతంగా చేర్చాలని ఆదేశించారు. నన్ను అత్యవసర ప్రత్యామ్నాయ పఠనకర్తగా వేశారు. కూర్మారావు నీళ్ళు తాగడానికి వెళితే కుర్చీలో కూర్చునే పని అన్నమాట.

కూర్మారావు వచ్చాక ప్రమాదం సున్నాకి దిగిపోయింది. అవతలి వీధిలో పడితే తప్ప ఏ పిడుగూ అతని నోటిని దాటి ముందుకు రాలేదు. మెరిసేది, “అర్జునఫల్గుణపార్థకిరీటి” అని ఓ గాలి దుమారం లేచేది, రైట్ రైట్. ఆ తరవాత ఉరిమినా ఉరుముకి విలువ లేదు.

ఈ సున్నాకి ఒకే ఒక్క ఇబ్బంది ఎదురైంది. కొందరు మబ్బు చూడగానే, సైరను మోగకుండానే పని వదిలి ఇళ్ళలోకి పోతున్నారని తెలిసింది. అలాంటి భయానికి మా కార్యాలయం ‘అనధికార భయం’ అని పేరు పెట్టింది. సైరనుకి ముందు చోటు వదిలి కదలడం, ఇతరులని కదిలించడం నిషిద్ధం. ఉద్యోగులైతే క్రమశిక్షణ చర్య కూడా ఉంటుంది.

ఓ రోజు అసిరినాయుడనే మామిడితోట రైతు, సగం కాలిన కొమ్మ ఒకటి భుజాన వేసుకుని కార్యాలయానికి వచ్చాడు. రైట్ రైట్ విని, నమ్మి, తోటలోనే ఉండిపోయాడట. పిడుగు అతనికి మూడు చెట్ల అవతల పడింది. డైరెక్టరు గారు అతన్ని కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, మర్యాదగానే అడిగారు.

“వాక్యం పూర్తయ్యాక ఉరిమిందా, ముందు ఉరిమిందా?”

పూర్తయ్యాకే ఉరిమిందని అసిరినాయుడు ఒప్పుకున్నాడు.

“అలా అయితే మీరు సురక్షితంగా ఉన్నట్టే.”

“నానున్నానండి బాబూ,” అన్నాడు అసిరినాయుడు. “సెట్టు నేదండి.”

చెట్లు మా పరిధిలోకి రావని, ఉద్యాన శాఖని సంప్రదించమని డైరెక్టరు గారు సలహా ఇచ్చారు. కొమ్మని మాత్రం పరిశోధన కోసం ఉంచుకున్నారు. మా అటెండరు దాన్ని పరిశోధించి ఇంటికి పట్టుకెళ్ళి నీళ్ళు కాచుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది పొడుగునా సున్నా నమోదు చేసిన ఏకైక పఠన జిల్లాగా మాకు రాష్ట్రస్థాయి గుర్తింపు వచ్చింది. ఈ ఏడు జూన్ నెల మధ్యలో, బళ్ళు తెరిచిన వారం లోపే, అభినందన సభ. ప్రధాన సమీక్షకులే స్వయంగా వస్తున్నారు. పిడుగంటే భయంలేని జిల్లా కాబట్టి సభ ఆరుబయట జరగాలని, మైదానంలో షామియానా కూడా వెయ్యకూడదని డైరెక్టరు గారు పట్టుబట్టారు. ఆడపిల్లల బళ్ళన్నీ వరసలుగా వచ్చి నిలబడాలి. మైదానం ముందు ఇనప గొట్టాలతో రెండంతస్తుల ఎత్తున స్వాగత కమాను లేపారు. మైదానం పక్కనే కాంక్రీటు హాలు ఒకటుంది గాని, అందులో పెద్దవాళ్ళకి భోజనాలు ఏర్పాటు చేసి తాళం వేశారు. నిబంధన ప్రకారం సైరను మోగితే గాని ఆ తాళం తియ్యరు. పోలీసులకి అదే చెప్పి నిలబెట్టారు.

ఆ మధ్యాహ్నం రెండు దాటేసరికి పడమటి దిక్కు నల్లగా కమ్ముకొచ్చింది. గాలి ఒక్కసారిగా ఆగిపోయి, మళ్ళీ చల్లగా మొదలైంది. వరసల్లో నిలబడ్డ పిల్లలు మెడలు తిప్పి చూడటం మొదలెట్టారు. వాళ్ళలో ముందు వరస మా పైడితల్లి బడి పిల్లలది. ఆ కమానుకి కూతవేటు దూరంలో కూడా లేరు, దాని నీడలోనే ఉన్నారు.

మేడ మీది మైకునీ, సైరను మీటనీ ఆ రోజుకి వేదిక మీదికి మార్చారు. అక్కడ డైరెక్టరు గారు ఉపన్యసిస్తున్నారు. ప్రకృతి శక్తులని పరిపాలనా దక్షతతో నియంత్రించవచ్చునని, అందుకు క్షేత్రస్థాయిలో ఉచ్చారణ వేగమే ప్రాతిపదిక అని చెబుతున్నారు. అంతలో కొండల మీద మెరిసింది. కూర్మారావు మైకు ముందుకి ఉరికి పది పేర్లూ ఊది, రైట్ రైట్ అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత కొంతసేపటికి ఎక్కడో గురగురమంది. ప్రధాన సమీక్షకులు మెచ్చుకోలుగా తలాడించారు.

రెండోసారి మెరుపు ఇంకా దగ్గరగా వచ్చింది. కూర్మారావు ఇంకా జోరుగా చదివాడు. రైట్ రైట్ అన్న తరవాత ఉరుము రావడానికి ఈసారి అంతసేపు పట్టలేదు. మూడోసారికి ఆకాశం మా నెత్తి మీదే చిట్లినట్టు మెరిసింది. అతను ఏం చదివాడో నాకే తెలియలేదు. ఓ పిల్లగాలి వీచినట్టయింది, అంతే. ‘రైట్’ అన్న మాటకీ ఉరుముకీ మధ్య ఓ మనిషి దూరేంత సందు కూడా లేదు. అయినా నిబంధన ప్రకారం మేం సురక్షితంగానే ఉన్నాం. డైరెక్టరు గారు అతని వంక గర్వంగా చూశారు.

నేను వేదిక పక్క మెట్ల మీద ప్రత్యామ్నాయ కుర్చీలో ఉన్నాను. కూర్మారావు వెనక్కి వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

“నాయుడు బాబూ, నాకు బయమేస్తన్నాది. బయమేసేకొద్దీ నోరు ఇంకా జోరుగా తిరిగిపోతన్నాది. ఈ లెక్కన పిడుగు నా నెత్తిన పడీదాకా అందరూ సురక్షితమే.”

మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి వేదిక వెనక్కి దిగాడు. మళ్ళీ కనబడలేదు. ఆ సాయంత్రం కాంప్లెక్సులో ఆఖరి పాలకొండ బస్సు ఎక్కి వెళ్ళిపోయాడని, ఎక్కేటప్పుడు ఎవరూ పిలవకుండానే ఎక్కాడని తరవాత తెలిసింది.

అతను దిగిన మెట్ల మీదుగానే మా పైడితల్లి పైకొచ్చింది. అలా వేదిక దగ్గరికి రావడం తప్పు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. పిల్లలని బడికి తీసుకుపోతానంటే గేటు దగ్గర పోలీసులు అనధికార భయం అని ఆపేశారట. హాలు దగ్గరికి తీసుకెళితే తాళం తియ్యలేదట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ గొంతు వణకడం నేనదే వినడం. అంతవరకూ ఇదంతా నాకు నవ్వులాటగానే ఉంది, ఒప్పుకుంటాను. ముందు వరసలో జడ రిబ్బన్లతో నిలబడ్డ పిల్లలని చూశాక నవ్వు రాలేదు.

పారిపోండని మైకులో అరవొచ్చుగా అని మీరనొచ్చు. అరిస్తే ఆ వేలమందీ ఒక్కసారి మూసిన గేటు మీద పడతారు. హాలు తాళం మాత్రం రాదు. ఆ తాళం సైరనుకి తప్ప మనిషి గొంతుకి లొంగదు. మీట ఊరికే నొక్కితే అదీ అనధికార భయమే. సైరను మోగాలంటే పఠనం మధ్యలో ఉరమాలి.

“ఇప్పుడు చదవాల్సింది మీరే కదా,” అంది పైడితల్లి.

అవునన్నాను. ఎంత నిదానంగా చదవాలో తెలియడంలేదని, డైరెక్టరు గారు పక్కనే ఉన్నారని నసిగాను.

“మన పెళ్ళయ్యాక గుమ్మంలో మీ చెల్లెళ్ళు అడ్డం నిలబడి నా పేరు చెప్పమంటే ఎంతసేపు పట్టిందో గుర్తుందా?” అంది. “అంతసేపు పట్టించండి. ఏటి చేస్తారో నేను చూసుకుంటాను.”

గుర్తులేకేం. హారతి పళ్ళెంలో కర్పూరం ఆరిపోయి రెండోసారి వెలిగించారు. మా మావగారు లోపలికెళ్ళి ఓ కునుకు తీసి వచ్చారు. కొత్త పెళ్ళికొడుకు నోట ‘పై’ అన్న అక్షరం వచ్చేసరికి వీధిలో బాజావాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మైకు ముందుకి వెళ్ళాను. డైరెక్టరు గారు నన్ను చూసి కంగారుపడి, వేళ్ళు గాలిలో గిరగిరా తిప్పి తొందరగా, తొందరగా అని సైగ చేశారు. నేను ఆయనకి నమస్కారం పెట్టాను. నమస్కారం పెడుతుండగానే మైదానమంతా తెల్లగా అయిపోయేలా మెరిసింది.

“అ...” అన్నాను.

ఆ ‘అ’ ని నేను వదల్లేదు. పట్టుకుని, కాస్త పైకి తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి, కిందికి దింపాను. మా ఆవిడ వంక చూస్తూ సాగదీశాను. అర్జునుడికి నా నోటి నుంచి రెండో అక్షరం దక్కకుండానే ఆకాశం విరిగిపడ్డట్టు ఉరిమింది. మీట నొక్కాను. సైరను మోగింది.

ఇక చెప్పుకోవాలంటే మా జిల్లా పోలీసుల క్రమశిక్షణే చెప్పుకోవాలి. అంతవరకూ రాళ్ళలా నిలబడ్డవాళ్ళు సైరను వినగానే తాళం తీసి, తలుపులు బార్లా తెరిచి, పిల్లలని వరసలు చెదరకుండా లోపలికి పంపారు. మర్యాద ప్రకారం ప్రధాన సమీక్షకులు అందరికంటే ముందు వెళ్ళారు. ఆయన వెనకే, ఆయన కంటే కొంచెం వేగంగా, డైరెక్టరు గారు వెళ్ళారు. చివర పైడితల్లి, ఎవరూ బయట ఉండిపోలేదని చూసుకుని, నన్ను చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

తలుపు వేసిన కాసేపటికే పడింది. గాజు కిటికీలన్నీ ఒక్కసారి తెల్లబడ్డాయి. చెవులు గింగురుమన్నాయి. వాన తగ్గి, మళ్ళీ ఉరమకుండా అరగంట గడిచాక తలుపు తీసి చూస్తే, స్వాగత కమాను లేదు. వంకర తిరిగిన గొట్టాలు కొన్ని మిగిలాయి. ముందు వరస నిలబడ్డ చోట మట్టి మాడిపోయి, పొగ వస్తోంది. పైడితల్లి దాని వంక ఓసారి చూసి, పిల్లలని చూడనివ్వకుండా వెనక్కి తిప్పింది. నా చొక్కా మాత్రం ఇంకా వదల్లేదు.

పిల్లలు ఎవరూ దాన్ని పట్టించుకునే స్థితిలో లేరు లెండి. తలుపులు మూసిన ఆ సమయంలో పెద్దవాళ్ళ కోసం వండిన పులిహోర, బొబ్బట్లు, జీడిపప్పు కూర పూర్తిగా అయిపోయాయి. ప్రధాన సమీక్షకులు ఒక మూల కూర్చుని, ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి దయతలచి ఇచ్చిన సగం బొబ్బట్టు తిన్నారు. ఆయన మొహం తెర మీద కంటే చాలా చిన్నది.

తరవాతి వారం డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఈ ఏడాదికి మా జిల్లాలో పిడుగు ప్రమాదం ఒకటి నమోదయింది కాబట్టి గుర్తింపు రద్దయిపోయింది. ఆ ప్రమాదానికి బాధ్యుణ్ణి నేనే. నన్ను ఎండల విభాగానికి బదిలీ చేశారు. అక్కడ వడదెబ్బ నివారణ చాలా బాగా సాగుతోందని, ఉష్ణోగ్రత చూసే సాధనాన్ని ఆ విభాగపు డైరెక్టరు గారి ఏసీ గదిలోనే పెట్టుకున్నారని విన్నాను. నాకు బాధేమీ కలగలేదు. మా డైరెక్టరు గారికి మాత్రం కలిగింది. బదిలీ కాగితం నా చేతికిస్తూ చాలాసేపు దాన్ని వదల్లేదు.

“ఆమోదిత వేగంతో చదివి ఉంటే ప్రమాదం నమోదయ్యేది కాదు నాయుడు గారూ.”

నిజమే, అయ్యేది కాదన్నాను.

“సైరను మోగేది కాదు. సభ సజావుగా సాగేది.”

“సాగేదండి. పిడుగు పడే వేళకి మనమందరం ఆ కమాను ముందే ఉండేవాళ్ళం. పిల్లలూ, పెద్దసారూ, నేనూ, తమరూ. ఒక్కరం కూడా మిగిలేవాళ్ళం కాదండి.”

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకున్నారు. నేను చెప్పినదాన్ని ఆయన నిజాయితీగా ఆలోచించారు. ఆయనది ఆలోచించకుండా మాట్లాడే స్వభావం కాదు. చివరికి తలెత్తి నా వంక చూశారు. ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు నిజంగానే జాలేసింది.

“నేను మిగలకపోతేనేం,” అన్నారు, “నా సున్నా మిగిలేది.”